ఎలకా పిల్లీ ప్రేమకథకి 63 ఎపిసోడ్లా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఫస్టియర్. ఏడాదిగా యానిమే, అంటే జపాన్ వాళ్ల కార్టూన్ సిరీస్‌లు తప్ప ఇంకోటి చూడదు. ఇప్పుడు ‘ఫ్రూట్స్ బాస్కెట్’ అనే సిరీస్ నన్ను కూడా చూడమని ఒకటే పోరు. కాదనలేక నాలుగు ఎపిసోడ్లు చూశాను. అమ్మాయి కౌగిలించుకుంటే అబ్బాయిలు ఎలకలు, పిల్లులు, కుక్కలు అయిపోవడం, మళ్లీ మనుషులయ్యేసరికి ఒంటి మీద బట్టల్లేకపోవడం, నాలుగో దాంట్లో ఒక పిల్ల ప్రేమిస్తున్నానంటూ వచ్చి ఆ కుర్రాణ్ణి చితకబాదడం... ఇందులో అంత గొప్ప ఏముందో నాకర్థం కాలేదు. మొత్తం 63 ఉన్నాయట. పైగా 2001లో ఒకటి, 2019లో ఒకటి, రెండు వచ్చాయంటోంది. ఇది నిజంగా చూడదగ్గదేనా, లేక పిల్ల మనసు కష్టపెట్టకుండా తప్పించుకునే దారేమైనా ఉందా? పదేళ్ల మావాడు కూడా పక్కన చేరుతున్నాడు. వాడు చూడొచ్చా?
– ఎస్. ఆర్., కాకినాడ

జవాబు: చూడదగ్గదేనండీ. తప్పించుకునే దారి మాత్రం నన్నడగొద్దు, ఎందుకంటే మీరు ఆగకూడని చోట ఆగారు. ఇంకొక్క ఎపిసోడ్, ఆ ఐదోది చూసి ఉంటే ఈ ఉత్తరం ఇలా రాసేవారు కాదేమో.

మీ ఫిర్యాదులన్నీ న్యాయమైనవే. ఆ కగురా అనే పిల్ల వచ్చి క్యో అనే కుర్రాణ్ణి గోడలు పగిలేలా కొట్టడం నాకూ నవ్వు తెప్పించలేదు. ఈ కథ మొదట మాంగాగా, అంటే జపాన్ వాళ్ల బొమ్మల కథగా, ‘హనా టు యుమె’ అనే అమ్మాయిల పత్రికలో 1998 నుంచి 2006 దాకా వచ్చింది. రాసి, బొమ్మలు వేసిందీ నత్సుకి టకాయా అనే రచయిత్రి. ఆ రోజుల్లో అలాంటి కొట్టుడు హాస్యం అక్కడ మామూలు. 2019లో మళ్లీ తీసినవాళ్లు మూలానికి కట్టుబడి ఉండాలని దాన్నీ ఉంచేశారు. మొదటి సీజన్‌లో అక్కడక్కడా ఇంకా తగులుతుంది. పళ్లు బిగబట్టి దాటేయడమే. పోనుపోను తగ్గిపోతుంది.

ఇంతకీ మీరు చూసిన నాలుగింటిలోనే ఒక విషయం ఉంది, ఆ జంతువుల గోలలో మీ కంటపడిందో లేదో. తోహ్రు హోండా అనే పిల్లకి తండ్రి చిన్నప్పుడే పోయాడు, తల్లి క్యోకో కారు ప్రమాదంలో పోయింది. తాతయ్య ఇల్లు బాగుచేయిస్తున్నారని, స్నేహితుల మీద భారం వేయడం ఇష్టం లేక, అడవిలో డేరా వేసుకుని ఒక్కతే ఉంటోంది. బడికి వెళ్తూ, సాయంత్రం ఒక ఆఫీసు బిల్డింగ్‌లో తుడిచే పని చేసుకుంటోంది. మొదటి ఎపిసోడ్‌లో జ్వరంతో పడుకుని ఒక మాట అంటుంది: రోజూ పొద్దున అమ్మకి ‘జాగ్రత్తగా వెళ్లిరా’ అని చెప్పేదాన్ని, ఆ ఒక్క రోజే చెప్పలేదు అని. ప్రమాదం జరిగింది ఆ రోజే. తర్వాత నిమిషంలోనే ఎవడో పైకప్పు పగలగొట్టుకుని దూకుతాడు, అందరూ జంతువులైపోతారు, మనం ఆ మాట మర్చిపోతాం. సిరీస్ మాత్రం మర్చిపోదు.

ఆ జంతువుల సంగతి కూడా చెప్పేస్తాను, మిగతాదంతా దాని మీదే నడుస్తుంది కాబట్టి. మనకి ప్రభవ, విభవ అని సంవత్సరాలకి పేర్లున్నట్టు, చైనా, జపాన్‌లలో ఒక్కో ఏడాదికి ఒక్కో జంతువు. ఎలకతో మొదలై అడవిపందితో అయిపోయే పన్నెండేళ్ల చక్రం. దేవుడు జంతువులన్నిటినీ విందుకి పిలిచాడట, విందు రేపు కాదు ఎల్లుండి అని ఎలక పిల్లికి అబద్ధం చెప్పిందట, పిల్లి నిద్రపోయి విందు తప్పిపోయింది, అందుకే ఆ పన్నెండింటిలో పిల్లి లేదు. సోమా అనే పెద్ద కుటుంబంలో ఈ పన్నెండూ, వాటితో పాటు ఆ పిల్లీ, తరతరాలుగా మనుషుల్ని ఆవహిస్తూ వస్తున్నాయి. వీళ్లందరి మీదా ‘దేవుడి’ స్థానంలో అకితో అనే ఇంటిపెద్ద. ఎలక యుకి, పిల్లి క్యో. వాళ్లిద్దరికీ పడదు. తోహ్రు చిన్నప్పుడు అమ్మ దగ్గర ఈ కథ విని పిల్లి కోసం ఏడ్చి, ఇక నుంచి నేను పిల్లి ఏడాదిలోనే పుట్టినట్టు లెక్క అని తీర్మానించుకున్న పిల్ల.

ఇక ఐదో ఎపిసోడ్. తాతయ్య ఇల్లు తయారవుతుంది, తోహ్రు అప్పటిదాకా తనని ఇంట్లో ఉంచుకున్న సోమా వాళ్లకి దండం పెట్టి వెళ్లిపోతుంది. వెళ్లాలని లేదు, కానీ ఉంటానని అడగడం ఆ పిల్లకి రాదు. అక్కడ బంధువులు, మగవాళ్లున్న ఇంట్లో ఇన్నాళ్లూ ఉన్నావట కదా అంటూ దీర్ఘాలు తీస్తారు. (ఈ ఘట్టం మనకెవరూ విడమరిచి చెప్పక్కర్లేదు, ఏ పెళ్లిలో చూసినా ఇద్దరు ముగ్గురు కనబడతారు.) అప్పుడు తోహ్రుకి చిన్నప్పటి ఆట గుర్తొస్తుంది. దాని పేరే ఫ్రూట్స్ బాస్కెట్. పిల్లలు గుండ్రంగా కూర్చుంటారు, ఒక్కొక్కరికీ ఒక పండు పేరు. ఏ పండు పిలిస్తే ఆ పిల్లలు లేచి చోటు మార్చుకోవాలి. ఒక తుంటరి తోహ్రుకి ‘ఒనిగిరి’ అని పేరు పెడతాడు, అంటే అన్నం ముద్ద. పళ్ల బుట్టలో అన్నం ముద్దని ఎవరు పిలుస్తారు? అందరూ లేచి పరిగెడుతుంటే ఈ పిల్ల తన పేరు ఎప్పుడు పిలుస్తారా అని కూర్చునే ఉంటుంది. సిరీస్‌కి ఆ పేరు ఎందుకు పెట్టారో తెలిసేది అక్కడే. ఆ ఎపిసోడ్ ఎలా ముగుస్తుందో చెప్పను.

దీన్ని అందరూ ఫాంటసీ రొమాన్స్ అంటారు. తప్పేం లేదు, ప్రేమకథ ఉంది, బాగుంది కూడా. కానీ మీరు తల్లి కాబట్టి చెబుతున్నాను, ఇందులో అమ్మల్ని లెక్కపెట్టుకుంటూ చూడండి. ఇన్ని రకాల అమ్మల్ని ఒక్కచోట చూపించిన ప్రేమకథ నాకు ఇంకోటి తగల్లేదు. శాపం పట్టిన బిడ్డ పుట్టినప్పుడు తల్లి ఏం చేస్తుంది? ఈ ఒక్క ప్రశ్నకి ఇంటికో జవాబు దొరుకుతుంది.

కుందేలు పిల్లాడు మొమిజి ఉన్నాడు, ఎప్పుడూ గెంతుతూ నవ్వుతూ తిరిగేవాడు. వాళ్లమ్మ బిడ్డని చూసి తట్టుకోలేక మతి చలించే స్థితికి వస్తే, ఆ కుటుంబంలోని డాక్టర్ హతోరి ఆమె జ్ఞాపకాల్లోంచి కొడుకుని తీసేస్తాడు. ఆమె ఇప్పుడు హాయిగా ఉంది, ఇంకో కూతురు కూడా ఉంది. తండ్రి ఆఫీసు బిల్డింగ్‌లో ఎదురుపడితే మొమిజిని ఎవరో తెలిసినవాళ్ల అబ్బాయి అనుకుని పలకరిస్తుంది. తోహ్రు తుడిచే పని చేసేది ఆ బిల్డింగ్‌లోనే. వీడు కూడా మర్యాదగా జవాబిచ్చి పంపించేస్తాడు. కెమెరా ఆ పిల్లాడి మొహం మీద పెద్దగా ఆగను కూడా ఆగదు. నాకు ఆ పొదుపు నచ్చింది.

పులి పిల్ల కిసా చిన్నది, మీవాడికంటే కాస్త పెద్దదేమో. బడిలో పిల్లలు ఏడిపిస్తే మాట్లాడటం మానేసింది. ఏం జరిగిందో ఇంట్లో చెప్పదు, బడికి వెళ్లదు. తల్లి వెతికి వెతికి విసిగిపోయి, ఎందుకు చెప్పవు, నన్నెందుకిలా ఏడిపిస్తావు అని అందరి ముందూ అరిచేస్తుంది. అప్పుడు తోహ్రు, అమ్మకి చెప్పకపోవడం అమ్మ మీద నమ్మకం లేక కాదు, ఏడిపించబడుతున్న తనని చూసుకుంటే తనకే సిగ్గుగా ఉంటుంది, అది తెలిస్తే అమ్మకి కూడా తన మీద ఇష్టం పోతుందేమోనని భయం, అన్న అర్థంలో మాట్లాడుతుంది, తను కూడా అలాగే దాచానని. నేను చూసిన వాటిలో పిల్లల మౌనాన్ని ఇంత సూటిగా విప్పి చెప్పిన సీన్ చాలా తక్కువ. తర్వాత కిసా టీచర్ ఒక ఉత్తరం రాస్తుంది, ముందు నిన్ను నువ్వు ప్రేమించుకో అంటూ, ఈ రోజుల్లో స్టేటస్‌లలో తిరిగే మాటల్లాంటివి. అది చదివి యుకి మెల్లగా అడుగుతాడు, తనలో మంచేమీ కనబడక తనమీదే అసహ్యం పుట్టిన పిల్ల తనని తాను ఎలా ప్రేమించుకుంటుంది, ఎవరో ఒకరు నువ్వంటే ఇష్టమని ముందు చెబితే కదా, అని. నా ఓటు యుకికే.

ఆ యుకి తల్లి ఇంకో రకం. రెండో సీజన్‌లో బడిలో పేరెంట్ మీటింగ్ ఉంటుంది, టీచర్ ఎదురుగా కూర్చుని కొడుకు ఏం చదవాలో, ఎటు వెళ్లాలో మొత్తం ఆవిడే చెప్పేస్తుంది, వాడు పక్కన కూర్చుని చూస్తుంటాడు. ఇంటర్ పిల్లలున్న ఇంట్లో ఆ సీన్ కొంచెం ఇబ్బందిగానే ఉంటుంది, ముందే చెబుతున్నాను. అంటే మీరు అలాంటివారని నా ఉద్దేశం కాదు, మీ అమ్మాయి ఇందుకే చూడమంటోందని కూడా కాదు. పదహారేళ్ల పిల్ల తనకి నచ్చింది అమ్మకి చూపించాలనుకోవడానికి వేరే కారణం అక్కర్లేదు.

ఇక క్యో తల్లి. మొదటి సీజన్ చివరి రెండు ఎపిసోడ్ల కథ కాస్త చెప్పేస్తున్నాను, వద్దనుకుంటే ఈ పేరా దాటేయండి. క్యో చేతికి ఎప్పుడూ పూసలుంటాయి, చూసే ఉంటారు. అవి తీస్తే వాడు మామూలు పిల్లి కాడు, చూడలేని, వాసన భరించలేని ఇంకో రూపం వస్తుంది. వాళ్లమ్మ వాణ్ణి దగ్గరికి తీసుకుని, నాకేం భయం లేదు, నువ్వంటే నాకు ప్రాణం అని చెబుతూనే, ఆ పూసలు సరిగ్గా ఉన్నాయో లేవో రోజూ ఎన్నిసార్లు తడిమి చూసుకునేదో లెక్కే లేదు. బయటికి పోనిచ్చేది కాదు. పిల్లలకి ఏది అర్థం కాకపోయినా చెయ్యి తడమడం అర్థమవుతుంది. తల్లి పోయాక కజుమా అనే గురువు వాణ్ణి పెంచాడు, ఆయనే ఒక రాత్రి తోహ్రు ఎదురుగా ఆ పూసలు లాగేస్తాడు. వాన. తోహ్రు భయపడుతుంది. మామూలు కథల్లో నాయిక ఇక్కడ ‘నువ్వెలా ఉన్నా నాకు అందమే’ అనాలి. ఈ పిల్ల అనదు. వణుకుతూ, కడుపులో తిప్పుతూ, భయం వేస్తోందన్నది దాచకుండానే వాడి చెయ్యి పట్టుకుంటుంది, అయినా కలిసి ఉండాలనుంది అంటుంది. వాణ్ణి ముంచింది భయం లేదన్న అబద్ధం, నిలబెట్టింది భయం ఉందన్న నిజం. ఈ సిరీస్ ఎందుకు చూడాలో ఒక్క ముక్కలో చెప్పమంటే నేను ఈ సీనే చూపిస్తాను, కానీ ముందున్న ఎపిసోడ్లు చూడకుండా ఇదొక్కటీ చూస్తే ఏమీ అనిపించదు, అదే చిక్కు.

అదుగో, అక్కడి నుంచి ఆ కౌగిలి సంగతి మొదటి ఎపిసోడ్‌లోలా జోకు కాదని తెలుస్తుంది. వీళ్లు తాము ప్రేమించే మనిషిని దగ్గరికి తీసుకోలేరు. అంతే ఆ శాపం. ఎదుటివాళ్లు ఏడుస్తుంటే ఒక చెయ్యి చాచి తలమీద వేయగలరు, అంతకుమించి రాలేరు. డాక్టర్ హతోరికి కనా అనే అమ్మాయితో జరిగింది ఏడో ఎపిసోడ్‌లో వస్తుంది, మొత్తం ఇరవై నిమిషాల్లో ఒక పెద్ద నవల చదివినంత పని పెడుతుంది. ప్రేమలో ఉన్న ఇద్దరి మధ్య ఈ ఒక్క నియమం పెట్టి రచయిత్రి ఆ దూరాన్ని చివరిదాకా లాగింది. చివరి సీజన్‌లో ఆ ముడి విడేటప్పుడు అంత బరువుగా ఉండటానికి కారణం మనం అప్పటికి రెండు సీజన్లు ఆ దూరం చూస్తూ ఉండటమే. ఫాంటసీ అంటే కత్తులూ మంత్రాలూ ఉండాలనుకునేవాళ్లకి మాత్రం నిరాశే. ఇందులో జరిగేదంతా వంటగదుల్లో, వరండాల్లో, బడి మేడమీద.

లోపాలు లేవా? బోలెడు. తోహ్రు మంచితనం మొదట్లో వెగటు పుట్టించేలా ఉంటుంది, ప్రతిదానికీ క్షమాపణ. దానికో కారణం ఉంది, మూడో సీజన్‌లో తెలుస్తుంది, తెలిశాక వెనక్కి వెళ్లి ఆ పిల్లని వేరేలా చూస్తారు, కానీ అందాకా ఓపిక పట్టాల్సింది మీరే. మూడో సీజన్ 13 ఎపిసోడ్లే కావడంతో పరుగు. మాంగాలో ఉన్న కొన్ని ఉపకథలు ఎగిరిపోయాయి. చివర్లో అందరికీ జతలు కుదిర్చేసే ఉత్సాహం మన పాత కుటుంబ సినిమాల క్లైమాక్స్‌కి ఏమీ తీసిపోదు. అన్నిటికన్నా పెద్ద పేచీ అకితో దగ్గర. అంత హింస పెట్టిన మనిషికి అంత తొందరగా మన్నింపు దొరకొచ్చా అని చూసినవాళ్లు ఇప్పటికీ కొట్టుకుంటూనే ఉంటారు. నాకైతే ఆ మన్నింపు పూర్తిగా మింగుడుపడలేదు. అందరూ క్షమించాలని కథ పట్టుబట్టదు, కొందరు క్షమించకుండానే మిగిలిపోతారు, అంతవరకు నయం.

రెండు వచ్చాయన్నారు కదా, చూడాల్సింది 2019దే. 2001లో వచ్చినదాంట్లో 26 ఎపిసోడ్లు. అప్పటికి మాంగా సగం కూడా కాలేదు, అందుకని కథని ఉన్నంతలో ముడివేసి ఆపేశారు. హాస్యం పాలు ఎక్కువ, పాట మాత్రం చాలా బాగుంటుంది. 2019లో రచయిత్రి టకాయా దగ్గరుండి పర్యవేక్షిస్తూ, నటులూ సిబ్బందీ అంతా కొత్తవాళ్లే ఉండాలని అడిగి మొదటి నుంచీ తీయించింది. దర్శకుడు యోషిహిదే ఇబాటా, స్టూడియో టీఎంఎస్. 2019లో 25, 2020లో 25, 2021లో 13. తమాషా ఏమిటంటే జపాన్‌లో గొంతులన్నీ మారిపోతే, ఇంగ్లీష్ డబ్బింగ్‌లో మాత్రం తోహ్రు, క్యో, యుకిలకి దాదాపు 17 ఏళ్ల కిందటి పాతవాళ్లే మళ్లీ వచ్చి చెప్పారు. తోహ్రుకి లారా బెయిలీ. ఇంగ్లీష్ డబ్బింగ్ బాగుంటుంది, వంట చేసుకుంటూ చూసేవాళ్లకి అదే సుఖం. కానీ కుదిరితే జపనీస్ ఆడియో పెట్టి సబ్‌టైటిల్స్ చదవండి, తోహ్రు తన ఈడువాళ్లతో కూడా అతి మర్యాదగా మాట్లాడే తీరు అందులోనే వినబడుతుంది, ఇందాక అన్న కారణానికీ దానికీ లంకె ఉంది.

63 అంటే భయపడకండి. ఒక్కోటి 24 నిమిషాలు, మొత్తం కలిపితే 25 గంటలు. రోజూ వచ్చే సీరియల్ మూడు నెలలు చూస్తే దాటిపోయే లెక్క. వరసపెట్టి చూడొద్దు, రెండేసి చొప్పున చాలు. ఎక్కువ చూస్తే ఒకరి ఏడుపు తర్వాత ఇంకొకరి ఏడుపు వచ్చి మొద్దుబారిపోతాం.

మీవాడి సంగతి. ఎలకలూ పిల్లులూ చూసి వాడు పక్కన చేరుతున్నాడు, మొదటి సీజన్ చాలావరకు పరవాలేదు. ఆ బట్టల జోకు ఆవిరి, పొగమేఘాల చాటునే అయిపోతుంది, అసభ్యంగా ఏమీ చూపించరు. కానీ సీజన్ ఆఖర్న క్యో రూపం, వాళ్లమ్మ చావు, రెండో సీజన్ నుంచి పిల్లల్ని గదుల్లో పెట్టి బాధపెట్టడం, చివర్లో కత్తి, ఇవి పదేళ్లవాడికి వద్దు. వాడే విసుగొచ్చి లేచిపోతాడు అనుకుంటున్నాను, లేవకపోతే మీరే లేపండి. పదమూడు పద్నాలుగు వచ్చాక చూసుకుంటాడు.

2022లో ‘ప్రెల్యూడ్’, అంటే నాంది, అని ఒక సినిమా కూడా వచ్చింది, తోహ్రు అమ్మానాన్నల కథ. పేరు చూసి ముందే పెట్టేరు, 63 అయ్యాకే చూడాలి. అందులో తండ్రి మొదట ఆ తల్లి బడికి వచ్చిన ట్రైనీ టీచర్, ఆమె చిన్నపిల్ల. కథ దాన్ని తియ్యటి ప్రేమగానే చూపిస్తుంది, నాకు నచ్చలేదు, మీకూ నచ్చకపోవచ్చు. అమ్మాయితో కలిసి చూస్తే ఆ మాట పైకే అనండి, అది మనసులో పెట్టుకునే విషయం కాదు.

ఈ రాత్రికి ఐదోది పెట్టుకోండి. అమ్మాయి ఇవన్నీ ఇప్పటికే చూసేసి ఉంటుంది కాబట్టి, అకితో గురించి ఒక్క ముక్క కూడా ముందే చెప్పనని దాంతో ఒట్టు వేయించుకున్నాకే.